మా ప్యాకెట్‌నే కాపీ కొట్టి సగం రేటుకు అమ్ముతున్నారు, మేమూ తగ్గించాలా?

కావలిలో మగ్గం వర్క్, అంటే జాకెట్ల మీద వేసే ఎంబ్రాయిడరీకి కావలసిన సామాను షాపు నడుపుతున్న ఒకామె అడిగిన ప్రశ్న ఇది. షుగర్ బీడ్స్ (సన్న పూసలు), కట్‌దానా (గాజు గొట్టం ముక్కల పూసలు), జర్దోసి (చుట్టలా ఉండే లోహపు తీగ) హోల్‌సేల్‌గా తెచ్చి సొంత పేరుతో ప్యాకెట్లు కట్టి అమ్ముతారట. పక్క వీధిలో అదే రంగు లేబుల్‌తో, పేరులో ఒక్క అక్షరం మార్చి, సగం రేటుకు ఇస్తున్నారట. రేటు తగ్గించాలా, కేసు వెయ్యాలా అని అడిగారు.

రేటు తగ్గించొద్దమ్మా. తగ్గించారంటే రెండు సరుకులూ ఒకటేనని మీ నోటితో మీరే చెప్పినట్టు. ముందు వాళ్ల ప్యాకెట్ ఒకటి బిల్లుతో సహా కొని తెప్పించండి. దాన్ని కవరు లేకుండా తూచండి. తర్వాత తెల్ల పళ్లెంలో పోసి పగిలినవి, రంధ్రం పూడుకుపోయినవి, పక్క గింజకంటే లావుగా ఉన్నవి ఏరెయ్యండి. కుట్టడానికి పనికొచ్చేవి ఎన్ని గ్రాములు మిగిలాయో చూసి, ప్యాకెట్ రేటుని దాంతో భాగిస్తే గ్రాము అసలు ఎంతకు పడిందో తేలుతుంది. మియుకీ, టోహో లాంటి జపాన్ గింజలు 11 నంబరు సైజువి గ్రాముకి సుమారు 110 గింజలు వస్తాయి, ఏరేసేది దాదాపు ఉండదు. చవక రకంలో ఏరేసే గింజలే ఎక్కువ కనపడతాయి. సగం రేటు అన్నమాట అక్కడే సగం తేలిపోతుంది.

అసలు నష్టం కట్‌దానాలో. గాజు గొట్టాన్ని ముక్కలు కోశాక అంచులు నునుపు చెయ్యాలి. కాపీ సరుకులో ఆ పని ఎగ్గొడతారు కాబట్టి రంధ్రం అంచు బ్లేడులా ఉంటుంది. మగ్గం మీద వేసేది గొలుసు కుట్టు. బట్ట కింద చేత్తో దారం పట్టుకుని, పైనుంచి కొక్కెం సూదితో ఒక్కొక్క లూపూ లాగుతారు. ప్రతి లూపూ ముందు లూపులోంచే వస్తుంది. జాకెట్టు వేసుకున్నామె చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా గింజ కాస్త కదిలి దారాన్ని కోస్తుంటుంది. ఒక్కచోట తెగితే చాలు, అక్కణ్ణుంచి లూపులు వరసగా జారి మెడ చుట్టూ ఉన్న వరస మొత్తం రాలిపోతుంది. పెళ్లి పందిట్లో గింజలు ఏరుకోవలసిన గతి పట్టేది అందుకే. పరీక్ష తేలిక. పది గింజలు మామూలు కుట్టు దారానికి ఎక్కించి, రెండు కొసలూ బిగపట్టి గింజల్ని ఇటూ అటూ ఇరవైసార్లు జరపండి. దారం మీద నూగు లేచిందంటే ఆ సరుకు వద్దు. సరుకు మంచిదైనా మెడ వరస కుట్టేటప్పుడు రెండంగుళాలకొక ముడి వెయ్యమని కొనేవాళ్లకు చెప్పండి. ఒకచోట తెగినా అంతవరకే పోతుంది.

జర్దోసికి చెమటే శత్రువు. వైశాఖమాసం పెళ్లిళ్లు, పైగా సముద్రం గాలి, మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇంక చెప్పక్కర్లేదు. చిన్న ముక్కను ఉప్పు, వెనిగర్ కలిపి తడిపిన దూదిలో చుట్టి రాత్రంతా ఉంచండి. పూత పలచనైతే తెల్లారేసరికి రాగి బయటపడి పచ్చటి మరక దిగుతుంది. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే, అది తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ ముత్యాల సంగతి వేరు. అవి చెమటకు బాగానే ఉంటాయి, డ్రైక్లీనింగ్‌లో పోతాయి. ఆ ద్రావకానికి పైపొర ఊడి లోపలి గింజ మెత్తబడి పక్క గింజకు అతుక్కుంటుంది. ఎరుపు, మెరూన్ పట్టుదారాన్ని సబ్బునీళ్లలో తడిపిన తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే రంగు దిగుతుందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది.

నాకు బాధగా ఉండేదేంటంటే, ఇవన్నీ బయటపడేనాటికి షాపువాణ్ణి ఎవరూ అడగరు. బ్లౌజు కుట్టినామెను తిడతారు. మజూరీ ఎగ్గొడతారు, కొత్త జాకెట్టు గుడ్డ ఖరీదు కూడా కట్టమంటారు. మగ్గం నేర్పే క్లాసుల్లో కొందరు కమీషన్ కోసం నాసిరకం కిట్లే అంటగడుతున్నారు. నేర్చుకునే పిల్లకి దారం పదిసార్లు తెగితే లోపం తన చేతిలో ఉందనుకుని మానేస్తుంది. ఇది చాలా అన్యాయం.

ఇక కేసు సంగతి. మీ పేరు ట్రేడ్‌మార్క్ చేయించుకోలేదంటే ముందు ఆ పని చెయ్యండి. ట్రేడ్‌మార్క్ సరుకుల జాబితాలో పూసలు, చమ్కీలు, సూదులు 26వ తరగతిలోకి, దారాలు, జరీ 23లోకి వస్తాయి. వ్యక్తిగా గానీ చిన్న సంస్థగా గానీ ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే తరగతికి రూ.4,500, మన రాష్ట్రం చెన్నై కార్యాలయం కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేకపోయినా, మీ సరుకేనని జనాన్ని నమ్మించి అమ్ముతున్నారని దావా వెయ్యొచ్చు. కాకపోతే ఆ పేరు ఎప్పట్నుంచి వాడుతున్నారో పాత బిల్లులతో, లేబుల్ అచ్చు వేయించిన రసీదులతో మీరే రుజువు చెయ్యాలి, ఏళ్లు పడుతుంది.

దానికంటే దగ్గర దారి తూనికలు కొలతల శాఖ. 10 గ్రాములు దాటిన ప్యాకెట్ మీద కట్టినవాళ్ల పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. విదేశీ సరుకైతే ఏ దేశానిదో కూడా వెయ్యాలి. కాపీ కొట్టేవాళ్లు రంగులు దించుతారు గానీ చిరునామా వెయ్యడానికి జంకుతారు. మీరు తూచిన ప్యాకెట్, కొన్న బిల్లు జతచేసి ఫిర్యాదు ఇవ్వండి. ఇచ్చే ముందు మీ ప్యాకెట్ల మీద ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి, తనిఖీకి వచ్చినవాళ్లు మీ షాపులోకీ వస్తారు.

ఇంకొక్కటి. చెన్నై షావుకారుపేట నుంచి సరుకు దిగిన ప్రతిసారీ లేబుల్ మీద లాట్ నంబరు వెయ్యండి. ఒకే బంగారు రంగు ఒక్కో లాట్‌కి ఒక్కో ఛాయలో వస్తుంది. జాకెట్టు ఎడమ చెయ్యి ఒక లాట్‌తో, కుడి చెయ్యి ఇంకో లాట్‌తో కుడితే ఎండలో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ప్రతి లాట్ నుంచి ఇరవై గింజలు అట్టముక్కకు కుట్టి కౌంటరు మీద ఉంచండి. సగం పని అయ్యాక సామాను చాలక పరుగెత్తుకొచ్చినామెకు ఆ అట్ట చూసి అదే లాట్ తీసిచ్చారంటే, పక్క వీధి రేటు ఆమె అడగదు.