"యేసయ్యకు నేనంటే ఇష్టం లేదా అమ్మా?"

ప్రశ్న: నేను గుంటూరులో చర్చివాళ్లు నడిపే బడిలో ఎల్‌కేజీ టీచర్ని. క్లాసులో 28 మంది పిల్లలు. బైబిలు కంఠత వాక్యం అప్పజెప్పినవాళ్లకు ప్రతి శుక్రవారం గోడమీద చార్టులో స్టారు అంటిస్తాను. నాలుగేళ్ల బాబు ఒకడు ఎంత బతిమాలినా నోరు విప్పడు. పోయిన వారం టెన్షన్‌లో ఉండి, "వాక్యం చెప్పని పిల్లలంటే యేసయ్యకు ఇష్టం ఉండదు" అనేశాను. సోమవారం వాళ్లమ్మ వచ్చింది. రాత్రి పడుకోబోతూ "యేసయ్యకు నేనంటే ఇష్టం లేదా అమ్మా?" అని అడిగాడట. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఇంకా బాధగా ఉంది. ఇప్పుడేం చేయాలి?
– పేరు వద్దు, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ మాట అనకుండా ఉండాల్సింది. అది మీకే తెలిసి ఉత్తరం రాశారు కాబట్టి దాన్ని పొడిగించను.

ఆ బాబు యేసయ్యను చూడలేదు. చూస్తున్నది మిమ్మల్ని. ప్రార్థన చేయించేది మీరు, యేసయ్య కథ చెప్పేది మీరు, బిగుసుకుపోయిన టిఫిన్ డబ్బా మూత తీసిపెట్టేదీ మీరే. మీరు ముఖం ముడుచుకుంటే ఆయన కూడా ముడుచుకున్నాడనే అనుకుంటాడు. ఇద్దరూ వేరని తెలిసే వయసు కాదది. అందుకే దేవుడి ఇష్టాన్ని బహుమతిగా గానీ బెత్తంగా గానీ వాడకూడదు. "యేసయ్య చూస్తున్నాడు, అల్లరి చేశావంటే..." అన్నది కూడా ఆ కోవలోదే.

రేపు వాడి పక్కన నేలమీద కూర్చోండి. "నాన్నా, ఆ రోజు టీచర్ తప్పు చెప్పింది. వాక్యం చెప్పినా, చెప్పకపోయినా యేసయ్యకు నువ్వంటే ఇష్టమే. నాక్కూడా ఇష్టం" అనండి. అంతటితో ఆపేయండి. జవాబు కోసం చూడొద్దు, "మరి ఇప్పుడు చెప్తావా?" అనొద్దు. తర్వాత అదే మాట క్లాసంతటికీ చెప్పండి. ఆ రోజు మీ మాట మిగతా 27 మందీ విన్నారు. స్టారు వచ్చినవాళ్లు కూడా, వాక్యం చెప్పాం కాబట్టే యేసయ్యకు మేమంటే ఇష్టం అనుకుని ఇంటికెళ్లారు. వాళ్లకూ దిద్దాలి. బాబు వాళ్లమ్మకు కూడా చెప్పండి, రాత్రి ఆమె నోట మళ్లీ వింటాడు.

ఇక ఆ చార్టు తీసేయండి. ప్రిన్సిపాల్ గారు ఎందుకని అడిగితే మార్కు సువార్త 10వ అధ్యాయం చూపించండి. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లను శిష్యులు గద్దిస్తే యేసు కోపపడ్డాడు. ఆ పిల్లల్ని ఎత్తి కౌగిలించుకుని, చేతులుంచి ఆశీర్వదించాడు. ముందు ఏదైనా అప్పజెప్పమని ఒక్కరినీ అడగలేదు. వాక్యాలు నేర్పొద్దని నేననడం లేదు. అందరూ కలిసి, చేతులు ఊపుతూ, పాటగా నేర్పండి. నోరు కదపని పిల్లాడు చెయ్యి కదుపుతాడు, అది చాలు. ఇంతకీ మీరు నేర్పేది ఇంగ్లీషులోనా? ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లాడికి అర్థం కాని మాటలు నోట్లో నిలవవు. ఒకసారి తెలుగులో చెప్పి చూడండి.

ఇంట్లో గలగలా మాట్లాడతాడా అని వాళ్లమ్మను అడగండి. ఇంట్లో మాట్లాడుతూ, బడికి అలవాటుపడ్డాక కూడా నెల దాటినా అక్కడ పెదవి విప్పకపోతే అది మొండితనం కాదు. పిల్లల మానసిక నిపుణులకు చూపించమనండి. వినికిడి పరీక్ష కూడా చేయించమనండి. ఈలోగా వాణ్ణి ఒంటరిగా ముందుకు పిలిచి నిలబెట్టకండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక సండే స్కూల్లో క్రిస్మస్ నాటికకు దేవదూతల్ని ఎంపిక చేస్తుంటే చూశాను. తెల్లగా ఉన్న పిల్లల్నే వరుసగా నిలబెట్టారు. మరుసటి ఆదివారం ఒక పాప ముఖం నిండా పౌడరు కొట్టుకుని వచ్చింది. చెమటకి అది చారలు కట్టింది. "ఇప్పుడు నన్ను తీసుకుంటారా?" అని నన్నడిగింది. ఆ ముఖం నాకింకా కళ్లముందే ఉంది. డిసెంబరులో వేషాలు పంచేటప్పుడు దయచేసి చీటీలు తీయండి.

1842లో లూథరన్ మిషనరీ హేయర్ వచ్చిన నాటి నుంచి గుంటూరుకు మిషన్ బడులు తెలిసినవే. వాటిలో అన్ని మతాల పిల్లలూ చదువుతున్నారు. మీ 28 మందిలోనూ ఉండే ఉంటారు. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. ప్రార్థనప్పుడు ఒక పిల్లాడు చేతులు జోడించకపోతే వాడివైపు అందరూ తిరిగి చూసేలా చేయకండి.

పొద్దున గుమ్మం దగ్గర వంగి, ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలవండి. హాజరు పట్టీలోని పేరు కన్నా ఇంట్లో పిలిచే పేరుకే పిల్లలు తొందరగా తలెత్తుతారు. అదేమిటో ఇళ్లలో అడిగి రాసుకోండి. చార్టు తీసిన గోడమీద 28 మంది అరచేతుల్నీ రంగులో ముంచి ముద్రలు వేయించి, కింద ఆ పేర్లు రాయండి. మొదటి ముద్ర ఆ బాబుతోనే వేయించండి.