మూడున్నర రూపాయల వడ్డీ

చి. రవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన అప్పుల పట్టీ చూశాను. నాలుగు చోట్ల నాలుగు రకాల శాతాలు రాశావు, అలా ఉంటే ఏది ముందు తీర్చాలో తేలదు. మన ఊళ్లో వేసే లెక్క వెయ్యి: నూటికి నెలకి ఎంత? ఏడాది శాతాన్ని పన్నెండుతో భాగిస్తే సరి. బంగారం మీద 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. పర్సనల్ లోను 15 శాతం, రూపాయి పావలా. పక్కింటాయన దగ్గర తెచ్చిన 50 వేలు రెండు రూపాయల వడ్డీకి. క్రెడిట్ కార్డు 42 శాతం, అంటే మూడున్నర. ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీ అంటే వాళ్ల గడప తొక్కుతావా?

కార్డు మీద 80,000 ఉంది. నెల వడ్డీ 2,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 504. నువ్వు మినిమం డ్యూ (ఆ నెల కట్టి తీరాల్సిన కనీస మొత్తం) అని 4,000 కట్టి హమ్మయ్య అనుకుంటున్నావు. అసలులో తగ్గేది 696 రూపాయలు! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే ముందు కార్డుని అన్ని యాప్‌లలోంచీ తీసెయ్యి.

పక్కింటాయన రోజూ మెట్ల మీద ఎదురుపడతాడు కాబట్టి ఆయనదే ముందు తీర్చాలనిపిస్తుంది. మొహమాటం కొద్దీ చేసే పని అది. జీతం పడ్డ రోజే ఆయన వడ్డీ 1,000 చేతికిచ్చి, అసలు ఎప్పటి నుంచి ఇస్తావో చెప్పెయ్యి. చెప్పి ఇచ్చేవాడిని ఎవరూ తొందరపెట్టరు.

కోడలు ఒప్పుకుంటే గాజులు బ్యాంకులో పెట్టి కార్డు మొత్తం కట్టెయ్యొచ్చు. అదే 80,000కి నెలకి 600 వడ్డీ అవుతుంది. కానీ నా బ్యాంకు కౌంటర్లో చాలామందిని చూశాను: నగలు తాకట్టులోనే ఉంటాయి, కార్డు మళ్లీ నిండుతుంది. ఆ భయం ఉంటే గాజుల జోలికి పోవద్దు. పెడితే మాత్రం ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతి కాకుండా, నెలనెలా అసలు కట్టుకునేది అడుగు.

ఇక ఇంటి ఖర్చు. జీతం పడగానే ఈఎంఐలు, అద్దె, అమ్మకి పంపేది పోనిచ్చి, మిగిలింది ఇంకో అకౌంటుకి మార్చు. ఫోన్‌పే దానికే లింకు చేసి, వారం వారం ఇంత అని వాడుకో. టీ, సిగరెట్టు లెక్కలు రాయమని చెప్పను, పది రోజులకి విసుగొచ్చి మానేస్తావు. నీ బడ్జెట్‌ని ముంచేవి అవి కాదు. జూన్‌లో పాప స్కూలు ఫీజు, బండి ఇన్సూరెన్సు, దసరా బట్టలు, పెళ్లిళ్లలో చదివింపులు. ఇవేమీ హఠాత్తుగా ఊడిపడవు, అయినా ప్రతిసారీ కార్డు గీకేది వీటికే. అన్నీ కలిపి ఏడాదికి 36,000 అవుతుందనుకో, నెలకి 3,000 పక్కన పెట్టు. అప్పు తీరడం కాస్త ఆలస్యమైనా సరే, ఇది ఆపొద్దు. చదివింపులు రెండేళ్లు తగ్గించు, ఎవరైనా ఏమైనా అంటే నా పేరు చెప్పు.

కార్డు వాళ్లు ఫోన్ చేసి సగానికి సెటిల్ చేస్తామంటే ఎగిరి గంతేయకు. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, రేపు ఇంటి లోనుకి వెళ్లినప్పుడు అడ్డుపడుతుంది. బాకీ వసూలు ఫోన్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ వేళల్లో చేస్తే నంబరు, టైము రాసిపెట్టుకో. టెన్షన్ పడి ఇంకో లోను యాప్ మాత్రం దించుకోకు.

ఈ లెక్కంతా కోడలికి చూపించావా? చూపించకపోతే ఈ ఉత్తరమే ఇచ్చి చదవమను. ఆదివారం ఇద్దరూ కూర్చుని, కార్డు స్టేట్‌మెంటు మొదటి పేజీ, లోను అగ్రిమెంటు ఫొటో తీసి పంపండి. పర్సనల్ లోను ముందే కట్టేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ ఎంతో అందులో చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ,
తెనాలి