తినకుండానే మెచ్చుకున్నారు

ప్రశ్న: సిరిమానోత్సవం చూడడానికి మా అత్తగారినీ పిల్లలనూ తీసుకుని విజయనగరం వెళ్లాను. బస్టాండులో ఊళ్లోని మంచి హోటళ్ల గురించి చిన్న పుస్తకం ఉచితంగా పంచారు. అందులో మొదటి పేజీలో ఉన్న హోటల్లో భోజనం చేశాం. అన్నం చల్లారిపోయింది, సాంబారు పులిసిపోయింది, బిల్లు మాత్రం ఆరు వందల ఎనభై. ఆ హోటల్ వారే డబ్బిచ్చి తమ గురించి రాయించుకున్నారని తరువాత తెలిసింది. ఇది మోసం కాదా? ఎవరికి చెప్పుకోవాలి?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: మోసమేనమ్మా. డబ్బు తీసుకుని పేరు వేయడాన్ని నేను తప్పుపట్టను. అది ప్రకటన అని చెప్పకపోవడమే తప్పు. రాసినవారు తిని చెబుతున్నారని నమ్మి కదా మీరు ముసలావిడను అంత దూరం నడిపించారు!

గంటస్తంభం దగ్గర మా తమ్ముడికి టిఫిన్ హోటల్ ఉంది. పేరు రాయను, రాస్తే నేనూ అదే పని చేసినట్టవుతుంది. ఇలాంటి పుస్తకం వేసే ఆయన ఒకరు అక్కడికి వచ్చి, ఇడ్లీ ముక్కైనా నోట పెట్టకుండా, లోపలి పేజీకి ఇంత, మొదటి పేజీకి ఇంత అని లెక్క చెప్పారు. తమ్ముడు ఇవ్వనన్నాడు. పుస్తకంలో వాడి పేరు రాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి చూసుకునే మనిషి, "మనం ఈ ఊళ్లో లేనట్టేనా అక్కా?" అని అడిగాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఫ్రాన్సులో మిషెలిన్ టైర్ల కంపెనీ 1900లో వాహనదారుల కోసం గైడు వేసింది. టైర్లు అమ్ముకోవడానికే వేసింది. అయినా హోటళ్లకు మార్కులు వేసే వారి మనుషులు ఎవరో చెప్పకుండా వెళ్లి, తిని, బిల్లు తామే కడతారు. మీరు పంపిన పేజీల్లో ఒక్క ధర లేదు, ఒక్క లోపం లేదు. హోటల్ ఫోను నంబరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది.

మెచ్చుకునేవారికి, వ్యాపారికి మధ్య ఉన్న సంబంధాన్ని బయటపెట్టాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి పది లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. జరిగింది విజయనగరంలో కనుక అక్కడి కలెక్టరుకు పంపండి. ముందు సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

మీ డబ్బు కోసమైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, విజయనగరం తిరగనక్కర్లేదు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు. గడువు రెండేళ్లు. బిల్లు పారేయకుండా ఉంటే ఈ రోజే ఆ పుస్తకానికి పిన్ను చేసి దాచండి.