మేక మెదడు కాండం, మనిషి మెదడు కాండం

ప్రశ్న: రావులపాలెంలో మాంసం కొట్టు దగ్గర చీల్చిన మేక తలలో, మెదడు అడుగున తెల్లటి కాడ కనిపించింది. మా ఇంటర్ పుస్తకంలోని మనిషి మెదడు కాండం బొమ్మలాగే ఉంది. రెండూ ఒకటేనా? – ఒక విద్యార్థిని, కొత్తపేట

జవాబు: మీరు చూసింది మెదడు కాండమే. మధ్య మెదడు, పాన్స్, మెడుల్లా అనే మూడు భాగాలూ రెండింటిలోనూ అదే వరుసలో ఉంటాయి. శ్వాసను, గుండె వేగాన్ని, మింగడాన్ని నడిపే ఏర్పాటు క్షీరదాలన్నింటిలో దాదాపు ఒకే తీరుగా ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తేడా పాన్స్ దగ్గర బాగా తెలుస్తుంది. మనిషిలో పెద్ద మెదడు నుంచి చిన్న మెదడుకు సంకేతాలు చేరవేసే తంతువులు, వాటి మజిలీలైన కణాల గుంపులు ఎంతగానో పెరగడంతో పాన్స్ ఉబ్బి, ట్రెపిజాయిడ్ బాడీ అనే వినికిడి తంతువుల అడ్డపట్టీని కప్పేస్తుంది. మేకలో పాన్స్ చిన్నది కనుక ఆ పట్టీ పైకే కనిపిస్తుంది. ఈసారి వీలైతే కాండాన్ని తిరగేసి, పాన్స్‌కు ఆనుకుని వెనుకవైపు చూడండి.

మెడుల్లా మీద పిరమిడ్లు అనే రెండు ఉబ్బెత్తు పట్టీల గుండా సాగే తంతువులు మనలో వెన్నుపాము దిగువ దాకా వెళ్లి, వేళ్ల నేర్పరితనానికి తోడ్పడతాయి. మేకలో అవి చాలావరకు మెడ భాగంలోనే ఆగిపోతాయి. అయినా లంకల్లో పుట్టిన మేకపిల్ల కొద్ది గంటల్లోనే నడుస్తుందంటే, నడకను నడిపించే మెదడు కాండం, వెన్నుపాముల నాడీ వలయాలు పుట్టుకతోనే సిద్ధంగా ఉండటమే కారణం.

మధ్య మెదడు వీపున నాలుగు బుడిపెలుంటాయి. మేకలో చూపుకు సంబంధించిన ముందు జత పెద్దది. చీకట్లో ప్రతిధ్వనిని బట్టి పురుగులను పట్టే గబ్బిలాల్లో వినికిడికి చెందిన వెనుక జత పెద్దది.