చైనా మేనేజర్‌కు అభ్యంతరం చెప్పేదెట్ల?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ విడిభాగాల ప్లాంట్‌ల క్వాలిటీ చూస్త. మా మేనేజర్ చైనా ఆయన. రివ్యూ మీటింగ్‌ల అందరి ముందు ‘ఈ స్పీడ్‌తో నడిపితే రిజెక్షన్ పెరుగుతది సార్’ అన్న. ఆయన ఏమనలే. అప్పటి సంది నన్ను అడగకుండనే నిర్ణయాలు తీసుకుంటున్నడు. చైనా వాళ్లకు ఎదురు చెప్పొద్దంటరు, నిజమేనా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: సగమే నిజం. పెద్దల అధికారాన్ని కిందివాళ్లు ఎంతగా ఒప్పుకుంటారో చెప్పే, డచ్ పరిశోధకుడు హోఫ్‌స్టెడ్ తయారుచేసిన సూచీలో చైనాకు 80, మనకు 77. తేడా ఎంతో లేదు. మీ లైన్‌లో పనిచేసేవాళ్లు మీ దగ్గరా కొన్ని మాటలు మింగేస్తూనే ఉంటారు. ఇక చైనా చరిత్రలో ఎదురు చెప్పడానికి పెద్ద పేరే ఉంది. 7వ శతాబ్దంలో టాంగ్ వంశ చక్రవర్తి తైజోంగ్‌కు మంత్రి వేయ్ జెంగ్ మొహం మీదే తప్పులు చెప్పేవాడు. 643లో ఆ మంత్రి పోతే తన తప్పులు చూపే ‘నా అద్దం పోయింది’ అని చక్రవర్తి బాధపడ్డాడంటారు.

హాంకాంగ్‌లోని లింగ్నాన్ విశ్వవిద్యాలయంలో డీన్ త్యోస్‌వోల్డ్, ఆయన సహచరులు చైనా సంస్థల్లో ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలదీ ఇదే దారి. ఇద్దరి లక్ష్యం ఒకటేనని నమ్మి, ఎదుటివాడి పరువుకు భంగం రాకుండా మాట్లాడితే, అక్కడి ఉద్యోగులూ మేనేజర్లూ విభేదాలను బాహాటంగానే చర్చించుకుంటారు, మంచి నిర్ణయాలకు వస్తారు. మీరు తప్పు మాట అనలేదు. దాన్ని పదిమందిలో, ముందు చెప్పకుండా అనడమే ఇబ్బంది తెచ్చింది. ఆయన మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. మీరు గెలిచి తాను ఓడినట్టు కనబడే చోట ఎవరైనా నోరు మూసుకుంటారు.

మళ్లీ మొదలుపెట్టాలంటే మీటింగ్‌కు ఒకరోజు ముందు పదిహేను నిమిషాలు విడిగా అడగండి. ముందు ఇద్దరికీ కావలసింది చెప్పండి: లాట్ (ఒక విడత సరుకు) టైముకు పోవాలి, కస్టమర్ వాపసు పంపొద్దు. తర్వాత స్పీడ్ ఎందుకు పెంచారో అడిగి, ఆయన కారణాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. ‘అవును, అదే’ అనేదాకా మీ వాదన తీయొద్దు. చాలామంది దాటేసే మెట్టు ఇదే. దీన్ని వదిలేస్తే మిగతాదంతా గొడవలాగే వినబడుతుంది. అప్పుడు షిఫ్ట్ వారీగా రిజెక్షన్ లెక్క ఒక్క కాగితం మీద పెట్టండి. స్పీడ్ తగ్గించమనకండి. ఒక లైన్ పాత స్పీడ్‌లో, ఇంకోటి కొత్త స్పీడ్‌లో, అదే మెటీరియల్‌తో ఒక్క షిఫ్ట్ నడిపి చూద్దామనండి. ఫలితం మీటింగ్‌లో ఆయననే చెప్పనివ్వండి. ఆయనను దాటి హెడ్ ఆఫీసుకు మెయిల్ మాత్రం పెట్టొద్దు. ఒక్క మెయిల్‌తో ఇంతదాకా చేసినదంతా పోతుంది.

ప్రశ్న: చైనా సంస్థల్లో మేనేజర్లూ ఉద్యోగులూ విభేదాలను చర్చించుకునే తీరునే ఎంబీఏ ప్రాజెక్టుకు తీసుకున్నాను. సహకార లక్ష్యాలంటే నాయకుడూ కిందివాళ్లూ మంచిగా ఉండటమేనా?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: కాదు. అమెరికా సామాజిక మనస్తత్వవేత్త మోర్టన్ డాయిష్ 1949లోనే దీన్ని తేటగా చెప్పాడు: ఒకరు గమ్యం చేరితే రెండోవారూ చేరువైతే అది సహకారం, ఒకరి గెలుపు రెండోవారి ఓటమైతే పోటీ, ఎవరి దారి వారిదైతే స్వతంత్రం. నవ్వుతూ పలకరించుకునే చోటా పోటీ ఉండొచ్చు. ప్రొడక్షన్ వాళ్లకు పీసుల లెక్కన ఇన్సెంటివ్, క్వాలిటీ వాళ్లకు ఆపిన లాట్ల లెక్కన మార్కులు ఇచ్చే ప్లాంట్‌లో ‘మనమంతా ఒక కుటుంబం’ అని గోడ మీద రాసి ఏం లాభం? అక్కడ ప్రతి అభ్యంతరం ఒకరి జీతం మీద దెబ్బ. లక్ష్యాన్ని మంచి పీసుల సంఖ్యకు మార్చి ఇద్దరికీ కట్టండి, మాటతీరు దానంతటదే కొంత మారుతుంది.

సర్వేలో ‘మీరు మేనేజర్‌తో విభేదిస్తారా?’ అని సూటిగా అడిగితే మర్యాద జవాబులే వస్తాయి. త్యోస్‌వోల్డ్ బృందం చేసినట్టు, ఈమధ్య అభిప్రాయం కలవని ఒక్క సంఘటన గుర్తుచేసుకోమనండి: ఏం జరిగింది, ఎవరేమన్నారు, చివరికి ఏమైంది. రేటింగ్ ప్రశ్నలు ఆ తర్వాతే. మేనేజర్‌నీ కిందివారినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడగొద్దు.

ప్రశ్న: నేను సహకార సంఘం డైరెక్టర్‌ను. సభ్యులు మీటింగ్‌ల తలూపుతరు, బయటికొచ్చి చాయ్ హోటల్ కాడ తిడుతరు. ఈ చైనా సంగతులు మాకు పనికొస్తయా?
– ఒక పాఠకుడు, భీమదేవరపల్లి మండలం

జవాబు: 1956 నుంచి ముల్కనూరు సంఘం నడుస్తున్న మండలం మీది. ఉమ్మడి లక్ష్యం గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. లోపం కుర్చీ వైపు ఉండొచ్చు. మీ అభిప్రాయం చివర చెప్పండి. ముందే చెప్పి ‘ఏమంటరు?’ అంటే తలూపడం తప్ప ఏం మిగులుతుంది? ఎరువుల కొనుగోలు లాంటి పెద్ద తీర్మానానికి ఇద్దరు సభ్యులను వారం ముందే పిలిచి, అందులో లోటుపాట్లు వెతికే పని అప్పగించండి. పని మీరిచ్చిందే కనుక ఎదురు చెప్పినట్టు కాదు. వాళ్ల మాట వల్ల ఏదైనా మారితే ఎవరి వల్ల మారిందో సభలో పేరు పెట్టి చెప్పండి, మారకపోతే ఎందుకు మారలేదో చెప్పండి. అడిగి పక్కన పెట్టడం అసలు అడగకపోవడం కన్నా చెడ్డది. మినిట్స్ పుస్తకంలో తీర్మానం కింద అభ్యంతరం కూడా రాయించండి.