బుజ్జిదాన్ని కింద దించకు, అలాగని గదిలో దాచకు

అమ్మడూ,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంటినిండా చుట్టాలు, సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే అందరూ పడుకున్నాక కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నాను, పొడుగైపోద్ది, ఓపిగ్గా చదువు. డాక్టరుగారేమో నీ కుక్కపిల్లని టీకా సూదులన్నీ అయ్యేదాకా బయటకి తియ్యొద్దన్నారు, మీ పక్కింటావిడేమో ఇప్పట్నుంచే తిప్పకపోతే పిరికిదైపోద్ది అంది, ఇద్దర్లో ఎవరి మాట వినాలి పెద్దమ్మా అని అడిగావు. ఇద్దరిదీ నిజమే. డాక్టరుగారు నేల గురించి చెప్తున్నారు, ఆవిడ కళ్ళూ చెవుల గురించి చెప్తోంది. పిల్ల కాళ్ళు వీధి నేలకి తగలకూడదు, కానీ దాని కళ్ళకీ చెవులకీ ముక్కుకీ రోజూ కొత్తది ఏదో ఒకటి తగలాలి. ఈ రెండూ కలిపి చెయ్యొచ్చు, నేను చేసి చూసేను.

ముందు లెక్క చూసుకో. చిత్త కార్తెలో కట్టిన కుక్కలు 63 రోజులు అటూ ఇటూగా మోసి డిసెంబర్ నడిమికి ఈనుతాయి, నీది డిసెంబర్ 18న పుట్టిందన్నావు కదా, అంటే శివరాత్రికి 8 వారాలు దాటుతాయి, ఉగాదికి 13 వారాలు. కుక్కపిల్ల మనసు కొత్త మనుషుల్నీ కొత్త చప్పుళ్ళనీ భయం లేకుండా లోపలికి రానిచ్చేది 3వ వారం నుంచి 12, 14 వారాల దాకానే. అమెరికాలో చేసి 1961లో అచ్చేసిన ఒక ప్రయోగంలో కొన్ని పిల్లల్ని మనుషులు కనబడకుండా దడి కట్టిన పొలంలో పెంచారు, 14 వారాలకి బయటకి తెచ్చిన పిల్లలు మనుషుల దగ్గరికే రాలేదు. మరి సూదులు పూర్తయ్యేది ఎప్పుడు, 16 వారాలకి, అంటే ఏప్రిల్ రెండో వారం. అప్పటిదాకా గదిలో పెట్టీసేవనుకో, ఉగాదికే ఆ టైము అయిపోయింటాది.

మా టైగర్‌కి నేను చేసింది అదే. దానికంటే ముందు రాజు ఉండేవాడు, నువ్వప్పటికి పుట్టలేదు, నల్లగా నిగనిగలాడుతూ 2 నెలల పిల్ల. పర్లాకిమిడి సంతకి తాడు కట్టి నడిపించుకుని తీసికెళ్ళాను, దారంతా కాలవగట్టూ చెత్తకుప్పా వాసన చూసుకుంటూ వచ్చింది, అందరూ ముద్దు చేస్తుంటే నాకెంత గర్వమో. అయిదో రోజు పొద్దున్న పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు, చీకటి పడేసరికి నెత్తురు విరేచనాలు, ఆ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోవడం ఉండదమ్మా. సెలైన్ పెట్టించాం, 2 రాత్రులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను, మూడో తెల్లారగట్ల నా చెయ్యి నాకబోయి నాలుక బయటే ఉండిపోయింది. పార్వో అన్నారు, కుక్కపిల్లలకి వచ్చే అంటుజబ్బు.

ఆ భయంతో టైగర్‌ని 4 నెలలు వెనక గదిలోంచి కదపలేదు, మీ పెదనాన్న, నేను తప్ప మూడో మనిషిని చూడలేదు. జబ్బు చెయ్యలేదు, నిజమే. కానీ 11 ఏళ్ళు బతికితే 11 ఏళ్ళూ భయంతోనే బతికింది. గొడుగు విప్పితే భయం, హెల్మెట్ పెట్టుకున్న మనిషంటే భయం, పెళ్ళి బ్యాండు వినబడితే మంచం కింద దూరి అక్కడే పోసీసేది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాణ్ణి కరిచింది, అదేం పొగరుతో కాదు, మూల దొరక్క. దానికి ఆ బతుకు నేనిచ్చిందే కదా అని ఇప్పటికీ అనిపిస్తాది, అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

సూదులు అన్నిసార్లు ఎందుకంటావేమో. తల్లి ముర్రుపాలలోంచి పిల్లకి కొంత రక్షణ వస్తాది, అది ఒంట్లో ఉన్నంతకాలం సూదిమందుని కూడా పనిచెయ్యనివ్వదు, అది ఏ వారంలో తగ్గుద్దో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటాది. అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలెట్టి 2 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తూనే ఉంటారు. రేబీస్‌ది 3 నెలలకి, అది మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకు. మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి, నీ ఎదురుగా ఫ్రిజ్‌లోంచి తీస్తున్నారా చూడు, సీసా మీది స్టిక్కర్ పుస్తకంలో అంటించమను. నట్టల మందు కూడా డాక్టరు చెప్పిన లెక్కలో పొయ్యి.

మొదటి సూది పడి 7 రోజులు గడిస్తే, నట్టల మందు కూడా పడితే, 7, 8 వారాల పిల్లనైనా శుభ్రమైన చోట మనుషులకీ ఆరోగ్యంగా ఉన్న తోటి పిల్లలకీ అలవాటు చెయ్యొచ్చని అమెరికాలో జంతువుల ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2008లోనే చెప్పింది. అంటే ఇది నా సొంత కవిత్వం కాదు.

ఇప్పుడు పని చెప్తాను. ఒక లోతైన వెదురు బుట్ట తీసుకో, అడుగున పాత నూలు చీర మడతపెట్టు, చికెన్ లివర్ ఉడకబెట్టి కందిగింజంత ముక్కలు చిన్న డబ్బాలో పెట్టుకో. బుట్ట ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం గుణుపూర్ స్టేషన్‌కి కొంచెం దూరంలో కూర్చో. మొదటిరోజు రైలు మరీ దగ్గరగా వద్దు. కూత వినబడగానే ఒక ముక్క, బస్సు హారన్‌కి ఒక ముక్క, మాఘం కదా రోజూ ఎక్కడో పెళ్ళి బాజా మోగుతానే ఉంటాది, దానికీ ఒక ముక్క. సంతరోజు నెత్తిన తట్టలతో కొండ మీంచి దిగే సవరోళ్ళని చూడనీ, గడ్డం ఉన్నాయన్ని, కర్ర పట్టుకున్న ముసలాయన్ని, ఖాకీ బట్టల్ని, సైకిల్ మీద కేకలేసుకుంటూ పోయే పిల్లల్ని చూడనీ. పది పదిహేను నిమిషాలు చాలు, అలిసిపోనివ్వకు.

బుట్టలో దాని ఛాతీ కింద నీ చెయ్యి ఉంచు, అన్నీ ఆ చేతికే తెలుస్తాయి. బాగుంటే గుండె మామూలుగా కొట్టుకుంటాది, మెడ చాచి ముక్కు ఆడిస్తాది. భయపడితే చెవులు వెనక్కి అతుక్కుపోతాయి, తోక పొట్ట కిందకి పోతాది, నిద్ర రాకపోయినా ఆవులిస్తాది, ఊరికే పెదాలు నాక్కుంటాది, ఎంతో ఇష్టమైన లివర్ ముక్క కూడా నోట్లోంచి జారిపోద్ది. ముక్క తినలేదంటే దూరం చాల్లేదని అర్థం, వెంటనే లేచి ఇంకో యాభై అడుగులు వెనక్కి వెళ్ళిపో. అలవాటు అవ్వాలని బలవంతంగా దగ్గరికి తీసికెళ్ళడం, నలుగురూ మీద పడి ముద్దు చెయ్యడం, అవి చేసేకంటే ఇంట్లో ఉంచడమే నయం. ఎవరైనా ముట్టుకుంటానంటే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే, అదీ పిల్ల తనంతట తాను ముక్కు చాస్తేనే.

నేల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. పార్వో మట్టిలో నెలల తరబడి బతుకుద్ది, చెప్పుల అడుగున వస్తాది, ఫినాయిల్‌కి చావదు. మరక ముందు శుభ్రంగా కడిగి, తరవాత 1 వంతు బ్లీచ్ 30 వంతుల నీళ్ళలో కలిపి పోసి 10 నిమిషాలు తడిగా ఉంచితే చస్తాది. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు మనకి ఎలాగూ ఉంది, ఆ చెప్పులు పిల్ల నాకకుండా పైన పెట్టు. ఎలకలు తిరిగే చోటా నీళ్ళు నిలిచిన గుంతల దగ్గరా అస్సలు వద్దు, ఎలక ఉచ్చలో వేరే జబ్బు ఉంటాది. పశువుల ఆసుపత్రి నేలే అన్నిటికన్నా ప్రమాదం, అక్కడికి వచ్చేవి జబ్బు కుక్కలే కదా, నీ నంబర్ వచ్చేదాకా బుట్ట ఒళ్ళోంచి దించకు, బల్ల మీద కూడా నీ తువ్వాలు పరిచాకే పెట్టు. వీధికుక్క ఏదైనా దాన్ని కరిచినా గీరినా డాక్టరు దగ్గరికి వెంటనే పరుగెత్తు, మీ ఇంట్లో ఎవరికైనా పళ్ళు దిగితే 15 నిమిషాలు సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి, చిన్నపిల్లేలే అనుకోవద్దు.

ఇంట్లో కూడా పని ఉంది. డాబా కడిగి దాని మీద వదులు, గోనెసంచి, స్టీలు పళ్ళెం, తడి గచ్చు, అన్నిటి మీదా నడవనీ. కుక్కర్ విజిల్, మిక్సీ దూరం నుంచి మొదలెట్టు. రోజూ చెవుల్లో చూడు, వేళ్ళ మధ్య తడుము, పెదవి ఎత్తి పళ్ళు చూడు, రేపు డాక్టరు పట్టుకుంటే గింజుకోదు. దీపావళి టపాసుల చప్పుడు ఫోన్లో సన్నగా పెట్టి అన్నం తినిపించు.

తోటి కుక్కల సంగతి. సూదులన్నీ ఏటేటా పడుతున్న, పిల్లల్ని ఓర్చుకునే పెద్ద కుక్క ఉన్న ఇంటికి తీసికెళ్ళొచ్చు, గత ఏడాదిలో ఆ ఇంట్లో కుక్కపిల్ల జబ్బుతో పోలేదని అడిగి తెలుసుకున్నాకే. మా కుక్క గౌరికి మొన్న సంక్రాంతి ముందే సూది వేయించాను, దానికి పిల్లలంటే ప్రాణం. నీ పిల్లకి మొదటి సూది పడి సోమవారానికి వారం అవుద్ది కాబట్టి పై ఆదివారం పొద్దున్న రైలుకి రా, బుట్ట రైల్లో కింద పెట్టకు, సూదుల పుస్తకం తెచ్చుకో, వాకిలి నేను ముందే కడిగించి ఉంచుతాను. లివర్ ముక్కలు నువ్వు తేనక్కర్లేదు, ఇక్కడ ఉడకబెడతాను.

మీ పెద్దమ్మ