పాత్ర ఏం దాచుకుంటుందో చూడు

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ చదివాను. భాష బావుంది, ఎక్కడా తడబడలేదు, కానీ చదవడం అయిపోయాక అందులో మనుషులెవరూ గుర్తుండలేదు, అదే బాధేసింది, ఎందుకంటే మనుషుల్ని గమనించే కన్ను నీకుంది, నీతో కాసేపు మాట్లాడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆ నాన్న క్యారెక్టర్నే తీసుకో. "ఆయన మహా కోపిష్టి, కానీ మనసు వెన్న" అని నువ్వే తేల్చేశావు. ఇంక నాకు కనుక్కోడానికేం మిగిలింది చెప్పు? అదే కూతురు ఇంకా ఇంటికి రాలేదని హాల్లో లైటేసుకుని కూర్చున్నవాడు, గేటు చప్పుడు వినగానే గబుక్కున లైటార్పేసి వెళ్ళి ముసుగుతన్ని పడుకున్నాడనుకో, పొద్దున్నే లేచి "రాత్రి ఎన్నింటికొచ్చావ్" అని గద్దించాడనుకో. కోపం తెలిసింది, ప్రేమ తెలిసింది, ఆ ప్రేమ కూతురి కంట పడకూడదన్న బెట్టు కూడా తెలిసింది. ఆయన ఎలాంటివాడో నువ్వు ఒక్క ముక్క చెప్పలేదు మరి.

పాత్రకి ఏం కావాలో అందరూ రాస్తారు, ఏం దాచుకుంటుందో పట్టించుకునేవాళ్ళు తక్కువ. కావాల్సింది దక్కాలంటే దాచుకున్నది బయటపెట్టక తప్పని పరిస్థితి తెచ్చి పెట్టు, అప్పుడా మనిషి ఏం చేస్తాడో అదే నీ సీన్.

పుట్టినరోజు, చదువు, ఎత్తు, ఇష్టమైన రంగు అంటూ క్యారెక్టర్ షీట్లు నింపమంటారు కొందరు, నింపుకో, తప్పేం లేదు, కాకపోతే అదంతా నీ నోట్‌బుక్‌లోనే ఉండనీ.

ఇక నీ విలన్ బావ. ఆయన మీద నీకే నమ్మకం లేనట్టుంది, వచ్చినప్పుడల్లా వంకరగా నవ్వుతాడు తప్ప ఇంకేం చెయ్యడు. ఆస్తి కాజేసేవాడు తను కాజేస్తున్నాననుకోడు తమ్ముడూ, ఇన్నేళ్ళు నేను చేసిన చాకిరీకి ఇది నాకు రావాల్సిందే అనుకుంటాడు, రాత్రిళ్ళు పెళ్ళాం దగ్గర కూర్చుని ఎవరికెప్పుడు ఎంత పెట్టాడో వరసగా లెక్క చెప్తాడు, చెప్తూ చెప్తూ నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఒక్క నిమిషమైనా సరే పాఠకుడికి ఆయన లెక్క న్యాయంగానే ఉందనిపించాలి, అప్పుడే ఆయనంటే భయమేస్తుంది.

డైలాగుల సంగతి ఒక్కటే చెప్తాను. పేర్లు చెయ్యడ్డం పెట్టి మూసేసి చదువు, ఎవరు మాట్లాడుతున్నారో తెలియట్లేదంటే అందరి నోటా నువ్వే మాట్లాడుతున్నావని.

మొదటి డ్రాఫ్టులో పాత్రలు పల్చగా ఉన్నాయని మాత్రం దిగులు పడకు. కన్యాశుల్కం మొదట 1897లో అచ్చయింది, అందులో మధురవాణి ఇప్పుడు మనకి తెలిసినంత పెద్ద పాత్ర కాదు, గురజాడ నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పులోనే ఆమె అంతగా ఎదిగింది. అంతటాయనే మళ్ళీ మొదటికెళ్ళి రాసినప్పుడు మనం ఓపిక పట్టకపోతే ఎలా.

కథంతా ఇప్పుడే ముట్టుకోకు. ముందు ఆ బావ లెక్క చెప్పే రాత్రి ఒక్కటి, ఆయన నోటితోనే, "నేను" అంటూ రాయి. కథలోకి రాకపోయినా పర్లేదు. అవ్వగానే పంపు, వెంటనే చదువుతాను.